పన్ను పెంపుకు హద్దు: సవాద్ పొలాల నుంచి దబీర్‌పురా ముల్గీల దాకా

హైదరాబాదు పాతబస్తీలో దుకాణపు గదిని ముల్గీ అంటారు. ఇంటి ముందు గదికి వీధివైపు షట్టరు బిగించి అందులో దర్జీ పనో, కిరాణా దుకాణమో, చిన్న బేకరీయో నడిపేవారు దబీర్‌పురాలో ప్రతి గల్లీలోను కనిపిస్తారు. ఆ గది నివాసంగా ఉన్నంతకాలం దానిపై మున్సిపల్ పన్ను ఒక లెక్క. షట్టరు లేచిన మరునాటి నుంచి ఇంకొక లెక్క. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి కారణమయింది.

మా గల్లీలో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన తండ్రి కట్టించిన ఇంటి ముందు రెండు ముల్గీలున్నాయి. ఒకనాడు అస్ర్ నమాజు తరువాత ఇంగ్లీషు కాగితమొకటి తెచ్చి, "మౌల్వీ సాబ్, ఇందులో ఏమి రాశారో చదివి చెప్పండి" అన్నారు. చదివి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకొని రెండు ప్రశ్నలు వేశారు. దుకాణం మీద పన్ను ఇంతకు మించి పెంచరాదనే హద్దు కానూనులో ఏదైనా ఉన్నదా? ఉంటే ఉండనీ, లేకుంటే మానె. మన కితాబుల్లో అటువంటి హద్దు ఏదైనా ఉన్నదా?

దబీర్ అనే పారసీ మాటకు లేఖకుడు, కార్యదర్శి అని అర్థం. దబీర్‌పురా దర్వాజా నీడలో పుట్టి పెరిగి, అనువాదమే వృత్తిగా బతుకుతున్న నాబోటివానికి ఇతరుల కాగితాలు చదివి చెప్పడం ఈ పేట పేరుతోనే వచ్చిన బాధ్యత కాబోలు. మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ ఆరంభించగా మొదటి ఆసఫ్ జా పూర్తిచేసిన నగర ప్రాకారపు దర్వాజాలలో ఇప్పుడు మిగిలినవి పురానా పుల్ దర్వాజా, మా దబీర్‌పురా దర్వాజా, ఈ రెండే. పెద్దమనిషి వేసిన రెండవ ప్రశ్న మాత్రం ఆ ప్రాకారం కన్నా చాలా పాతది. ముందుగా దానినే చూద్దాం.

ఇరాక్ విజయం తరువాత సవాద్ భూములను సైనికులకు పంచిపెట్టక, వాటిని సాగుచేసుకునేవారి చేతిలోనే ఉంచి ఖరాజ్ విధించాలని హజ్రత్ ఉమర్ (రజి) నిర్ణయించిన సంగతి పాఠకులకు తెలిసినదే. భూమిని కొలిచే పని ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి), హుజైఫా బిన్ అల్-యమాన్ (రజి) చేతికి వచ్చింది. కొలత మూడు కోట్ల అరవై లక్షల జరీబులకు తేలిందని చరిత్రకారులు రాశారు. సాధారణ పైరు పండే జరీబుకు ఒక దిర్హము, ఒక ఖఫీజు ధాన్యం. పచ్చిమేత, కూరగాయల వంటి తడిపంటలకు 5 దిర్హములు. ఖర్జూరం, ద్రాక్ష తోటలకు 10 దిర్హములు. హనఫీ గ్రంథాలలో కనిపించే రేట్లు ఇవి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. పన్ను భూమి అమ్మకపు ధరను బట్టి కట్టినది కాదు. ఆ భూమి ఏమి పండించగలదు, ఎంత భరించగలదు అన్నదే కొలబద్ద.

మదీనాలో హజ్రత్ ఉమర్ (రజి) షహీదు కావడానికి కొద్దిరోజుల ముందు ఈ ఇద్దరినీ పిలిచి, భూమి మోయలేనంత భారం మీరు దానిపై వేయలేదు గదా అని విచారించారు. మోయగలిగినంతే వేశామని వారు విన్నవించారు. బుఖారీ సంకలనంలో ఉన్న ఈ ఉదంతాన్ని హనఫీ ఫుఖహాలు మరికొంచెం విస్తరించి ఉదహరిస్తారు: ఇంకా పెంచినా భూమి మోయగలదని వారు చెప్పారు, అయినా ఖలీఫా పెంచలేదు.

ఆ పెంచకపోవడం ఆయన ఔదార్యమా, లేక తరువాతివారు దాటరాని హద్దా? ఫిఖహ్‌లోని భేదాభిప్రాయం సరిగ్గా ఇక్కడే పుట్టింది. భూమి భరించలేనప్పుడు పన్ను తగ్గించాలనడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. దిగుబడి పెరిగినప్పుడు పెంచవచ్చునా? తగ్గింపు చెల్లినప్పుడు పెంపూ చెల్లుతుంది, రెండింటికీ భూమి శక్తే ఆధారం అని ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) ఖియాస్ చేశారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) ఒప్పుకోలేదు. భూమికి ఇంకా శక్తి ఉన్నదని తెలిసి కూడా హజ్రత్ ఉమర్ (రజి) పెంచలేదు గనుక, ఒకసారి నిర్ణయమైన దానిపై పెంపు చెల్లదన్నారు. హిదాయా కర్త మర్గీనానీ (మరణం హి.శ. 593, క్రీ.శ. 1197) ఈ రెండు వాదాలనూ పక్కపక్కనే ఉంచారు. మదర్సాలో ఈ పాఠం చదివిన రోజుల్లో ఇది ఎప్పుడో గతించిన ఖరాజ్ గొడవ అనుకొని పేజీ తిప్పేసినవారిలో నేనూ ఒకడిని.

ఒక విశేషం చెప్పాలి. ఈ అబూ యూసుఫ్ (రహ్మలై) గారే ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన కితాబుల్ ఖరాజ్‌లో, సవాద్‌కు జరీబు లెక్కన స్థిరమైన రొక్కం మంచిది కాదు, పంటలో ఇంత వంతు అనే ముఖాసమా పద్ధతి మేలు అని గట్టిగా వాదించారు. ధరలు ఎక్కుతాయి, దిగుతాయి. స్థిరమైన మొత్తం ఒకప్పుడు రైతును ముంచితే ఒకప్పుడు ఖజానాను ముంచుతుంది. పెంచరాదన్న ఇమాముగారే పంటతో పాటు పన్ను కూడా పెరిగి తరిగే పద్ధతిని సూచించడం పైకి వైరుధ్యంగా కనిపిస్తుంది. నిదానించి చూస్తే వైరుధ్యం లేదు. చేతికి వచ్చిన పంటలో వంతు తీసుకోవడం ఒకటి. రావచ్చునని ఇంకొకరు ఊహించిన పంట మీద మొత్తాన్ని పెంచుతూ పోవడం వేరొకటి. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. దబీర్‌పురా ముల్గీ దగ్గర దీనితో పని పడుతుంది. పోతే, ముఖాసమాలో కూడా పంటలో సగానికి మించి తీయరాదని ఫుఖహాలు గట్టి గీత గీశారు.

అయితే ఇదంతా పొలం సంగతి. దుకాణం మాట ఏమిటి?

మదీనాలో బజారుకు స్థలం ఏర్పరచినప్పుడు దానిపై పన్ను ఉండరాదని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు ఇబ్నె మాజాలో ఒక నివేదన ఉన్నది. దాని సనద్ బలహీనమని ముహద్దిసులు చెప్పారు. ఏమైనా తొలి కాలంలో బజారు స్థలానికి అద్దెగాని పన్నుగాని తీసుకునే ఆచారం లేదు. మార్పు బాగ్దాదులో వచ్చింది. ఖలీఫా మన్సూర్ బజారులను కోటలోపలి నుంచి కర్ఖ్ పేటకు తరలించారు. ఆయన కుమారుడు మహ్దీ కాలంలో, హి.శ. 167లో (క్రీ.శ. 783-84), బాగ్దాదు దుకాణాల మీద మొదటిసారిగా పన్ను పడిందని చరిత్రకారులు రాశారు. అబూ యూసుఫ్ (రహ్మలై) అప్పటికి ఆ నగరంలోనే ఖాజీ. పొలం మీది పెంపును గురించి అంత తర్కించిన ఆ మహనీయుని కళ్ళ ముందే దుకాణపు పన్ను ప్రవేశించింది.

హిందూ దేశంలోనూ ఈ పన్ను పోతూ వస్తూనే ఉన్నది. ఢిల్లీ నగరంలో ఇళ్ళ మీద, దుకాణాల మీద స్థలపు అద్దెగా వసూలయ్యే ముస్తగల్‌ను, అటువంటి మరికొన్నింటిని ఉలమాల అభిప్రాయం తీసుకొని ఫీరోజ్ షా తుగ్లక్ రద్దు చేశారు. ఈ సంగతి ఆ కాలపు చరిత్రకారుడు షంసె సిరాజ్ అఫీఫ్ రచనలో ఉన్నది. మూడువందల ఏళ్ళు గడిచేసరికి అదే పన్ను పాండరీ అనే పేరుతో మళ్ళీ కనిపిస్తుంది. కసాయి, కుమ్మరి మొదలుకొని బట్టల వ్యాపారి, నగల వ్యాపారి, సాహుకారు దాకా బజారులో జానెడు చోటున్న ప్రతివాడూ పాండరీ చెల్లించవలసిందే. ఔరంగజేబు తన పాలన తొలి సంవత్సరాలలోనే దీనినీ, దారి సుంకమైన రాహ్‌దారీనీ, ఇంకా అనేక అబ్వాబులనూ ఎత్తివేశారు.

ఈ రద్దుల కథను నిజాముల్ముల్క్ కొలువులో దివానుగా పనిచేసిన ఖాఫీ ఖాన్ తన ముంతఖబుల్ లుబాబ్‌లో చెప్పిన తీరు చదివితీరవలసినది. పాండరీ ఎక్కువగా రాజధానిలోను పెద్ద నగరాలలోను వసూలయ్యేది గనుక అక్కడ ఆజ్ఞ అమలయిందట. తక్కినవి కాగితం మీదనే రద్దయినాయి. ఎందుచేతనంటే, జాగీర్దారులకు ఇంత ఆదాయమని లెక్క కట్టి ఇచ్చిన తనఖా పత్రాలలో నుంచి ఈ పన్నుల మొత్తాన్ని దివానీ గుమాస్తాలు కొట్టివేయలేదు. మా పత్రంలో ఈ సొమ్ము రాసి ఉన్నది, అందువల్ల వసూలు చేస్తున్నాము అని జాగీర్దారులు చెప్పుకొనేవారు. ఫర్మానా ఎంత గొప్పదయినా బహీలో పడిన అంకె దానికన్నా మొండిది. లేఖకుడు చేసిన ఒక చిన్న అశ్రద్ధ పాదుషా ఆజ్ఞను ఓడించిందన్నమాట. దబీర్‌పురావాణ్ని గనుక ఈ ఘట్టం నాకు కొంచెం నొప్పిగా కూడా ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. దుకాణం మీద పన్ను అనగానే అది మక్స్, అందుచేత హరాము అని తేల్చేసే ఉత్సాహం మన గోష్ఠులలో అప్పుడప్పుడు వినబడుతుంది. వ్యాపారి దారిలో నిలబడి ప్రతిఫలమేమీ లేకుండా గుంజుకునేదానికే మక్స్ అని పేరు. మున్సిపల్ పన్ను రోడ్డుకు, మోరీకి, దీపానికి, చెత్త ఎత్తడానికి పోతుంది. హిదాయాలోనే కఫాలత్ ప్రకరణంలో నవాయిబ్ అని ఒక మాట వస్తుంది. ఉమ్మడి కాలువ పూడిక తీయడానికి, మహల్లా కావలివాని జీతానికి జనం మీద పడే చందాలివి. ఇవి న్యాయమైన బాకీలే, వీటికి జామీను నిలవడం చెల్లుతుంది అని ఫుఖహాలు స్పష్టంగా రాశారు. కాబట్టి మన పెద్దమనిషి ప్రశ్న పన్ను ఉండవచ్చునా అని కాదు. ఎంత, ఏ లెక్కన, ఎంత తొందరగా పెంచవచ్చునని.

హైదరాబాదులో మున్సిపల్ పాలన మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్నప్పుడు 1869లో ఆరంభమయింది. నగరం, చాదర్‌ఘాట్ వేర్వేరుగా నడిచి 1933లో ఒకటైనాయి. సికింద్రాబాదు 1960లో కలిసింది. నేటికీ నగరపు పన్నుకు మూలమైనది 1955 నాటి హైదరాబాదు మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం. భవనపు అమ్మకపు ధరతో అందులో పని లేదు. ఆ భవనానికి ఏటా సమంజసంగా ఎంత అద్దె ఆశించవచ్చునో, దానిలో కొంత తగ్గింపు పోను మిగిలినది వార్షిక అద్దె విలువ. పన్ను దానిపైన పడుతుంది.

"సమంజసంగా ఆశించదగిన అద్దె" అన్న ఈ నాలుగు మాటల మీద మన దేశపు న్యాయస్థానాలలో యాభై ఏళ్ళు వాదాలు నడిచాయి. ఆశించేది ఎవరు? యజమానా, బజారా, పన్ను కట్టే గుమాస్తానా?

మొదటి పెద్ద సమాధానం రాజమండ్రివారైన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారి కలం నుంచి వచ్చింది. 1961లో కలకత్తా కార్పొరేషను, పద్మాదేబీల కేసులో సుప్రీంకోర్టు తరఫున ఆయన తీర్పు రాశారు. అద్దె నియంత్రణ చట్టం ఒక భవనానికి ఇంత అద్దె అని కట్టడి చేసినప్పుడు, చట్టానికి లోబడే యజమాని అంతకుమించి ఆశించడం సమంజసం కానేరదు. కాబట్టి పన్ను కోసం కట్టే విలువ కూడా ఆ గీత దాటరాదు. ఇదీ ఆ తీర్పు సారాంశం.

రెండవ అడుగు మన గుంటూరులో పడింది. గుంటూరు పురపాలక సంఘం మీద గుంటూరు పట్టణ పన్ను చెల్లింపుదారుల సంఘం పోరాడిన కేసు 1970లో సుప్రీంకోర్టులో తేలింది. కలకత్తా కేసులో కంట్రోలరు అద్దెను ముందే నిర్ణయించి ఉన్నాడు. గుంటూరులో అట్లా నిర్ణయం కాలేదు. కంట్రోలరు న్యాయమైన అద్దె కట్టనంతకాలం యజమాని ఎంత తీసుకున్నా నేరం కాదు గదా, అప్పుడు మాకు హద్దెక్కడిది అని పురపాలక సంఘం వాదించింది. వాదం బలహీనమైనదేమీ కాదు. కోర్టు మాత్రం ఒప్పుకోలేదు. కంట్రోలరు నిర్ణయించకపోతే, ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం (1960) నాలుగవ సెక్షనులోని సూత్రాల ప్రకారం న్యాయమైన అద్దె ఎంతవుతుందో పురపాలక సంఘమే లెక్కగట్టుకొని, దానికి లోబడి పన్ను వేయాలి అన్నది. 1979లో దివాన్ దౌలత్ రాయ్ కపూర్ కేసులో ఢిల్లీకి కూడా ఇదే సూత్రం వర్తించింది. ఆనాడు దేశంలోని పట్టణాలెన్నో గుంటూరు పేరు చెప్పుకొని వాదించాయి. తెలుగువారు ఈ సంగతి మరచిపోవడం విచారకరం.

అయితే ఆ నాలుగవ సెక్షను ఏమి చెప్పిందో కూడా చూడాలి. 1944 ఏప్రిల్ 5కు ముందరి పన్నెండు నెలలలో ఆ పేటలో అటువంటి భవనాలకు నడిచిన అద్దె ఎంత? ఆ కాలపు మున్సిపల్ పన్ను పుస్తకంలో రాసి ఉన్న అద్దె విలువ ఎంత? వీటి ఆధారంగా న్యాయమైన అద్దె కట్టి, నివాసాలకు ఒక తీరుగా, వాణిజ్య భవనాలకు ఇంకొక తీరుగా కొంత శాతం పెంపు చేర్చాలి. అంటే అద్దెకు ఆధారం పన్ను పుస్తకం, పన్నుకు ఆధారం అద్దె. పాము తన తోకను తాను పట్టుకున్నట్లు. ఖాఫీ ఖాన్ నాటి బహీ ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. కాకపోతే ఈసారి పాత అంకె జనం వైపు నిలిచింది.

దీనికి తోడు 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు ఆ చట్టమే వర్తించదని ఒక మినహాయింపు ఉండేది. పాత ముల్గీకి 1944 నాటి అద్దె హద్దు. గోడవారనే కొత్తగా లేచిన కాంప్లెక్సుకు హద్దు లేదు. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును కొట్టివేసేదాకా ఇదే నడిచింది.

అనువాదకునిగా ఒక మాట. "సమంజసంగా ఆశించదగిన అద్దె" అన్న దానికి ఫిఖహ్‌లో సిద్ధంగా ఒక పదమున్నది: ఉజ్రతె మిస్ల్. అటువంటి వస్తువుకు అటువంటి చోట నడిచే అద్దె అని దాని భావం. వక్ఫ్ ఆస్తిని ఉజ్రతె మిస్ల్ కన్నా తక్కువకు ఇవ్వరాదని, బజారులో అద్దె పెరిగితే వక్ఫ్ అద్దెను కూడా సవరించవచ్చునని, అందుకే ఇంటిని ఏడాదికి, పొలాన్ని మూడేళ్ళకు మించి కౌలుకివ్వరాదని హనఫీ ఫుఖహాలు చెప్పారు. 1995 నాటి వక్ఫ్ చట్టం మూడేళ్ళకు మించిన కౌలు చెల్లదని రాసినప్పుడు పాత మాటే కొత్త బట్ట కట్టుకొని వచ్చింది. 2013లో సవరించి దానిని 30 ఏళ్ళ దాకా సడలించారు.

పెద్దమనిషి మొదటి ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. గుంటూరు తీర్పు ఇచ్చిన రక్షణ ఏమయింది? 1989లో శాసనసభ మున్సిపల్ చట్టాలను సవరించింది. 1990లో కొత్త నియమావళి వచ్చింది. ఏ ఒక్క భవనపు అసలు అద్దెతోనూ ఇక నిమిత్తం లేదు. పేటను మండలాలుగా విభజించి, కట్టడపు రకం, వైశాల్యం, వయసు, వాడుక చూసి చదరపు అడుగుకు నెలకు ఇంత అని రేటు నిర్ణయిస్తారు. గుమాస్తా ఇష్టాయిష్టాలు తగ్గాయి. 1999లో యజమానులే లెక్క కట్టుకొనే స్వీయ మదింపు వచ్చింది. ఇవి మంచి మార్పులే. ఒక్కొక్క భవనానికి విడివిడిగా బేరం జరిగే రోజుల్లో ఎంత చీకటి వ్యవహారం నడిచేదో ఎరిగినవారు వీటిని తప్పుపట్టరు.

హైదరాబాదులో దుకాణానికి పన్ను కట్టే లెక్క ఇది. పన్నెండు నెలల అద్దె విలువలో 10 శాతం తీసివేయాలి. మిగిలినదానిలో 30 శాతం పన్ను. దానిపై 8 శాతం గ్రంథాలయ సెస్సు. అంతా కూడితే ఏడాదికి మూడున్నర నెలల అద్దె పన్నుగా పోతుంది. ఇంటికయితే అద్దె విలువను బట్టి మెట్లుమెట్లుగా రేటు పెరుగుతుంది. దుకాణానికి మెట్లు లేవు, చిన్నదయినా పెద్దదయినా 30 శాతమే. హోటలు గొలుసుకూ, గల్లీలోని దర్జీకీ ఒకటే శాతం.

పంటలో సగం దాటరాదన్న గీతతో పోలిస్తే, నిజంగా చేతికొచ్చే అద్దెలో పన్నెండింట మూడున్నర వంతులు దుర్భరమేమీ కాదు. చిక్కంతా ఆ అద్దె నిజంగా వచ్చేదా, ఊహించినదా అన్న చోట ఉన్నది. ఉదాహరణకు వంద చదరపు అడుగుల వక్ఫ్ ముల్గీ ఒకటి ఉన్నదనుకుందాం. తాతల నాటి కిరాయిదారు నెలకు 300 రూపాయలు ఇస్తున్నాడు. ఆ మండలంలో దుకాణాలకు చదరపు అడుగుకు 10 రూపాయలని రేటు కట్టారు. కాగితం మీద నెలకు 1,000 రూపాయల అద్దె విలువ, పన్ను 3,500. ఏడాదికి వచ్చే అద్దె 3,600. మసీదు చిరాగుకు, ముఅజ్జిన్ జీతానికి మిగిలేది నూరు రూపాయలు. ప్రార్థన జరిగే కట్టడానికి పన్ను లేదు నిజమే, కాని దానిని పోషించే ముల్గీకి ఆ మినహాయింపు లేదు. ఈ ఉదాహరణలో దోషం పన్నుది ఎంత, ఉజ్రతె మిస్ల్ వసూలు చేయని ముతవల్లీది ఎంత అని నన్నడిగితే, పెద్ద వాటా రెండవవారిదే అంటాను. పన్ను పెరిగిందని గగ్గోలు పెట్టే మనం, వక్ఫ్ ముల్గీ కిరాయి ముప్పై ఏళ్ళుగా పెరగలేదని ఏనాడైనా గగ్గోలు పెట్టామా?

దుకాణాల రేట్లను హైదరాబాదులో 2007లో సవరించారు. నివాసాల సవరణ అంతకు ముందు, 2002లో జరిగింది. తరువాత చాలా ఏళ్ళు అవే రేట్లు నడిచాయి. చట్టంలో పెంపు మీద ఏటేటా ఇంత శాతమనే హద్దు లేకపోయినా, సవరణ జరపకపోవడమే హద్దయి కూర్చున్నది. ఇది సుఖంగానే కనిపిస్తుంది. కాని ఏళ్ళ తరబడి ఆపిన నీరు తూము ఎత్తిననాడు ఒక్కసారిగా వస్తుంది. అప్పుడు కొట్టుకుపోయేది చిన్న దుకాణమే.

ఆంధ్రప్రదేశ్ ఇంకొక దారి పట్టింది. 2020లో చట్టం సవరించి, 2021 నుంచి అద్దె విలువకు బదులు మూలధన విలువ మీద, అంటే రిజిస్ట్రేషను శాఖ కట్టిన ధర మీద పన్ను వేయసాగింది. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు రేటు ఉండవచ్చునన్నారు. జనం భయపడకుండా, ఏ ఏడాదిలోనూ పన్ను అంతకు ముందటి ఏడాది కన్నా 15 శాతం మించి పెరగదని హద్దు పెట్టారు. 15 శాతం అంటే కొంచెమే అనిపిస్తుంది. లెక్క వేస్తే, ఏటా 15 శాతం చొప్పున పెరిగే పన్ను ఐదేళ్ళకు రెట్టింపు అవుతుంది. బజారులో అద్దె రెట్టింపయినా కాకపోయినా.

అమెరికాలోని కాలిఫోర్నియా ప్రజలు 1978లో ఓటు వేసి పెట్టుకున్న హద్దు దీనికి మరో కొస. ఆస్తి చేతులు మారనంతకాలం దాని మదింపు ఏటా 2 శాతం మించి పెరగరాదు. ఆ లెక్కన రెట్టింపు కావడానికి 35 ఏళ్ళు. ఇల్లూ దుకాణమూ కర్మాగారమూ అన్నిటికీ అదే హద్దు. ఫలితమేమంటే, పక్కపక్కనున్న రెండు ఒకే రకం దుకాణాలలో నలభై ఏళ్ళ కింద కొన్నవాడు నామమాత్రంగా, నిన్న కొన్నవాడు దానికి ఎన్నో రెట్లు కడతారు. పెద్ద వాణిజ్య ఆస్తులను ఈ హద్దు నుంచి తప్పించాలన్న ప్రతిపాదన 2020లో ఓటుకు వచ్చి స్వల్ప తేడాతో ఓడిపోయింది. మన హైదరాబాదీలు ఎందరో స్థిరపడిన టెక్సాస్‌లో, 50 లక్షల డాలర్ల లోపు విలువ గల, సొంత నివాసం కాని ఆస్తుల మదింపు ఏటా 20 శాతం మించి పెరగరాదని 2023లో చట్టం చేశారు. 2024 నుంచి మూడేళ్ళ పాటు అని గడువు పెట్టారు. 20 శాతమంటే నాలుగేళ్ళకే రెట్టింపు. పేరుకు మూడూ హద్దులే. ఒకటి కోటగోడ, ఒకటి కంచె, ఇంకొకటి సుద్దముక్కతో గీసిన గీత.

ఇప్పుడు ఆ ఇద్దరు ఇమాముల వాదాన్ని మళ్ళీ చదివితే దాని పదును తెలుస్తుంది. కాలిఫోర్నియావారు, తెలియకుండానే, అబూ యూసుఫ్ (రహ్మలై) మాటను చివరిదాకా లాగారు. అయితే ఇమాముగారు ఆ మాట పొలం గురించి చెప్పారు, అదీ ఖలీఫా ఒకసారి కొలిపించి నిర్ణయించినదాని గురించి. కొత్తగా సాగులోకి వచ్చినవాడి మీద పాతవాడి భారం తోయమని ఆయన చెప్పలేదు. ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) తర్కం మున్సిపల్ పన్నుకు దగ్గరగా ఉన్నదని నాకు తోస్తుంది. మోరీ బాగుపడి, రోడ్డు వేసి, దబీర్‌పురా మీదుగా ఫ్లైఓవరు కట్టిన తరువాత బజారు నిజంగా పుంజుకొని ఉంటే, అందులో వంతు అడగడం అన్యాయం కాదు. నేను ఒప్పుకోలేనిది ఆయన చెప్పిన షరతును వదిలేసి పెంపును మాత్రమే పట్టుకోవడం. శక్తి పెరిగితే పెంచవచ్చునన్నవారు, ఆ శక్తి తరిగితే తగ్గించాలని కూడా అదే వాక్యంలో అన్నారు. షట్టర్లు మూసి ఉన్న కరోనా నెలల్లో ముల్గీ అద్దె విలువ కాగితం మీద ఒక్క రూపాయి కూడా తరగలేదు. పైకి మాత్రమే తెరుచుకునే తలుపు ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) కట్టినది కాదు.

అందువల్ల హద్దు శాతంలో ఉండడం కన్నా ఆధారంలో ఉండడం మేలని నా అభిప్రాయం. రసీదు చూపించిన అసలు అద్దె మండలపు రేటు కన్నా తక్కువగా ఉంటే చిన్న ముల్గీకి అసలు అద్దే ఆధారం కావాలి. గుంటూరు పన్ను చెల్లింపుదారులు 1970లో గెలిచినది దాదాపు ఇదే. దొంగ రసీదులు పుట్టుకొస్తాయని అధికారులు అంటారు, పుట్టుకొస్తాయి కూడా. సవాద్‌లో ముఖాసమా పద్ధతిలో పంట దాచినవారు లేరా? అందుకు కల్లంలో కావలివాణ్ని పెట్టారు గాని, చూడని పొలం మీద పన్ను కట్టలేదు.

పెద్దమనిషికి ఇదంతా చెప్పడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఆయన ముల్గీలలో ఒకటి పదకొండేళ్ళుగా ఒకే కిరాయికి ఉన్నది; మరొకటి ఆయన చిన్నకొడుకే నడుపుతున్నాడు. అభ్యంతరం దాఖలు చేయడానికి నోటీసులో ఇచ్చిన గడువు ఇంకా తొమ్మిది రోజులున్నది. వైశాల్యం కొలతలో మెట్ల కింది జాగాను కూడా దుకాణంగా చూపారని ఆయనే టేపుతో కొలిచి పట్టుకున్నారు. ఆ సంగతి ఒక్కటే రాస్తూ అర్జీ తయారు చేశాను. హజ్రత్ ఉమర్ (రజి) పేరు కూడా రాయమని ఆయన పట్టుబట్టారు. అర్జీలో ఆ మాటకు చోటు లేదన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "మరి ఆ ఇద్దరు సహాబాలు టేపు పట్టుకొని కొలిచినవారే గదా మౌల్వీ సాబ్" అన్నారాయన.